లెక్క తేలవలసింది సభలోనే

ఎన్నికల్లో ఏ పార్టీకీ పూర్తి బలం రానప్పుడు ప్రజలు తికమక తీర్పు ఇచ్చారని నాయకులు అనడం పరిపాటి. పల్లెల్లో రచ్చబండల మీద కూడా ఈ మాట తరచు వినబడుతూ ఉంటుంది. తప్పు ఓటరు మీదికి నెట్టేస్తే ఆ తర్వాత జరిగే బేరసారాలకు ఎవరూ జవాబు చెప్పుకోనక్కరలేదు. కాని తికమక తీర్పులో లేదని, తీర్పు వెలువడిన తర్వాత నాయకులు తొక్కిన దారిలో ఉన్నదని మన తెలుగు జిల్లాల అనుభవమే చెబుతున్నది. ఇందుకు 1952 నాటి మద్రాసు శాసనసభ ఎన్నికలే సాక్ష్యం. పాత ముచ్చటే అయినా అందులోని పాఠం పాతబడలేదు.

ఆనాడు శ్రీకాకుళం మొదలు అనంతపురం వరకు 11 తెలుగు జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో అంతర్భాగంగా ఉండేవి. వయోజనులందరికీ ఓటు హక్కు వచ్చిన తర్వాత జరిగిన తొలి సాధారణ ఎన్నికలవి. 1952 జనవరిలో పోలింగు జరిగింది. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె ఉంచి, దాని మీద గుర్తు అంటించారు. కాంగ్రెస్‌కు కాడెద్దులు, కమ్యూనిస్టులకు కంకి కొడవలి, కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీకి గుడిసె. చదువు రాని రైతుకూలీ సైతం తెర చాటుకు వెళ్లి తనకు నచ్చిన పెట్టెలో చీటీ వేసి వచ్చాడు. అంతకుముందు ఆస్తి, పన్ను, చదువు ఉన్నవారికే పరిమితమైన హక్కు ఆనాటితో అందరిదీ అయింది.

ఫలితాలు చూసి పాలకులు దిమ్మెరపోయారు. 375 స్థానాల సభలో కాంగ్రెస్‌కు దక్కినవి 152. కమ్యూనిస్టులకు 62, ప్రకాశం పంతులు గారి కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీకి 35, రంగా గారి కృషికార్ లోక్ పార్టీకి 15 వచ్చాయి. ఇండిపెండెంట్లుగా నెగ్గినవారు 62 మంది. తక్కినవి చిన్నా చితకా పార్టీలకు పోయాయి. ముఖ్యమంత్రి శ్రీ కుమారస్వామి రాజా శ్రీవిల్లిపుత్తూరులో ఓడిపోయారు. ఆంధ్ర ప్రాంతపు మంత్రులు శ్రీ బెజవాడ గోపాలరెడ్డి, శ్రీ కళా వెంకటరావు, శ్రీ కల్లూరి చంద్రమౌళి కూడా ఓడినవారిలో ఉన్నారు.

తెలుగు జిల్లాల్లో దెబ్బ మరింత గట్టిగా తగిలింది. 140 స్థానాలకు గాను కాంగ్రెస్‌కు వచ్చినవి 43 మాత్రమే. కమ్యూనిస్టులు 41 గెలుచుకుని వెన్నంటి నిలిచారు. దీనికి కారణాలు వెతుక్కోవలసిన పని లేదు. తిండిగింజలకు కటకట, రేషను, కంట్రోళ్లు, రైతు గాదె దాకా వచ్చిన ధాన్య సేకరణ ప్రజలను విసిగించాయి. రాయలసీమను కరువు పీడించింది. స్వాతంత్ర్యం వచ్చి నాలుగేళ్లు దాటినా ఆంధ్ర రాష్ట్రం మాట తేలలేదు. వీటికి తోడు ఆంధ్ర కాంగ్రెస్‌లో ముఠా తగాదాలు ముదిరి, 1951లో ప్రకాశం గారు, రంగా గారు ఇద్దరూ పార్టీ విడిచి బయటకు వచ్చారు. ఓటరు ఇవన్నీ చూసే ఓటు వేశాడు.

36 మంది కొరత

ఇక అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. 375 మంది సభలో మెజారిటీకి 188 మంది కావాలి. కాంగ్రెస్‌కు 36 మంది తక్కువ. కమ్యూనిస్టులు, ప్రజా పార్టీవారు, కొన్ని చిన్న పార్టీలు, కొందరు ఇండిపెండెంట్లు ఐక్య ప్రజాస్వామ్య సంఘటనగా ఏర్పడి, ప్రకాశం గారిని నాయకునిగా ఎన్నుకుని, తమకు 166 మంది ఉన్నారని చెప్పుకున్నారు. వారికీ 22 మంది తక్కువే. అంటే రెండు పక్షాలనూ కలిపితే 318 మంది. మిగిలిన 57 మంది చేతిలో ఖజానా తాళంచెవి ఉన్నదన్న మాట.

గవర్నరు శ్రీ శ్రీప్రకాశ సంఘటనను పిలవలేదు. అన్నిటికంటె పెద్ద పార్టీ అన్న లెక్కన కాంగ్రెస్‌ను పిలిచారు. ఆ పార్టీకి సభలో నాయకుడు కరువయ్యాడు. గవర్నర్ జనరల్ పదవి కూడా చేసి విశ్రాంతి తీసుకుంటున్న శ్రీ రాజగోపాలాచారిని బతిమాలి తీసుకువచ్చారు. ఆయన ఎన్నికల్లో పోటీ చేసినవారు కారు, ఉప ఎన్నికలో నిలబడటానికి కూడా ఇష్టపడలేదు. గవర్నరు ఆయనను శాసన మండలికి నామినేట్ చేశారు. ఈ పద్ధతిని కమ్యూనిస్టు నాయకుడు శ్రీ పి. రామమూర్తి హైకోర్టులో సవాలు చేసినా ఫలితం లేకపోయింది. 1952 ఏప్రిల్ 10న రాజాజీ ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారం చేశారు.

అప్పటి నుంచి కొరత పూడ్చే పని సాగింది. కామన్‌వీల్ పార్టీ నాయకుడు శ్రీ మాణిక్యవేలు నాయకర్‌కు మంత్రి పదవి దక్కింది. ఇండిపెండెంట్లు, చిన్న పార్టీలవారు ఒక్కరొక్కరుగా ప్రభుత్వం వైపు జరిగారు. మే నెలలో సభాపతి ఎన్నికలో కాంగ్రెస్ అభ్యర్థి నెగ్గడంతోనే గాలి ఎటు వీస్తున్నదీ తెలిసిపోయింది. జూలై 3న విశ్వాస తీర్మానం వోటింగుకు వచ్చినప్పుడు ప్రభుత్వానికి అనుకూలంగా 200, వ్యతిరేకంగా 151 వోట్లు పడ్డాయి. 152 కాస్తా 200 అయింది. 166 అనుకున్నది 151కి దిగింది.

ఆరు నెలలు తిరగకుండానే ఇంచుమించు 48 మంది బలం ఎక్కడి నుంచి వచ్చింది? వారిలో దాదాపు ఎవరి పెట్టె మీదా జనవరిలో కాడెద్దుల గుర్తు లేదు. కాంగ్రెస్ వద్దనుకున్న ఓటరు ఇండిపెండెంటు పెట్టెలో చీటీ వేస్తే, ఆ చీటీ చివరికి కాంగ్రెస్ ప్రభుత్వాన్ని నిలబెట్టడానికి ఉపయోగపడింది. ఈ సంగతి ఓటరుకు చెప్పి చేసినవారు ఎందరు? ఊరికి తిరిగి వచ్చి సభ పెట్టి, ఫలానా కారణం చేత పక్షం మార్చుకున్నామని వివరించినవారు ఎందరు? బాధ అక్కడ ఉన్నది.

రాజాజీ పక్షాన చెప్పవలసిన మాటలు కూడా ఉన్నాయి. ఇండిపెండెంటుగా గెలిచినవారు ఏ పార్టీకీ కట్టుబడి లేరు. ఎదుటి సంఘటన ఎన్నికలకు ముందు ఏర్పడినది కాదు, ఫలితాల తర్వాత కుదిరినది. దానికీ సభలో సగం బలం లేదు. తన ప్రధాన శత్రువు కమ్యూనిస్టులేనని రాజాజీ దాపరికం లేకుండానే ప్రకటించారు. అధికారం చేపట్టిన రెండు నెలలకే, 1952 జూన్‌లో, తిండిగింజల మీద కంట్రోళ్లు ఎత్తివేశారు. ప్రజలు దేని మీద కోపంతో కాంగ్రెస్‌ను ఓడించారో ఆ పని కాంగ్రెస్ ముఖ్యమంత్రే చేశారు. బలం చాలని ప్రభుత్వం ప్రజల మాట చెవిని పెట్టక తప్పదనడానికి ఇది నిదర్శనం. కాబట్టి మైనారిటీ ప్రభుత్వం అనగానే కీడు అని తీర్మానించడం సరికాదు.

అయితే ఆంధ్ర రాష్ట్రం విషయంలో మాత్రం ఆ చెవి వినలేదు. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు గారు మద్రాసులో నిరాహార దీక్ష ప్రారంభించారు. 58 రోజుల తర్వాత డిసెంబరు 15న కన్నుమూశారు. తెలుగు జిల్లాలు అట్టుడికిపోయాయి. నాలుగు రోజులకు ప్రధాని నెహ్రూ ఆంధ్ర రాష్ట్ర ప్రకటన చేశారు. బ్యాలెట్ పెట్టె ద్వారా వినిపించిన మాటను పట్టించుకుని ఉంటే ఒక ప్రాణం పోవలసిన అవసరం ఉండేదా అన్న ప్రశ్నకు ఈనాటికీ జవాబు లేదు.

ఒక్క ఓటు తేడా

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1952లో గెలిచిన 140 మంది తెలుగు సభ్యులే కొత్త శాసనసభ అయ్యారు. ఇక్కడ కూడా ఎవరికీ మెజారిటీ లేదు. నిరుడు కాంగ్రెస్‌కు ఎదురు నిలిచిన ప్రకాశం గారే ఈసారి కాంగ్రెస్ మద్దతుతో ముఖ్యమంత్రి అయ్యారు. శ్రీ నీలం సంజీవరెడ్డి ఉప ముఖ్యమంత్రి. మద్రాసులో ఇండిపెండెంట్లు చేసిన పనినే ఇక్కడ పెద్దాయన కూడా చేశారని గిట్టనివారు దుయ్యబట్టారు. ఆంధ్రకేసరి అయినా, ఊరూ పేరూ లేని ఇండిపెండెంటు అయినా లెక్క ఒక్కటే. పక్షం మారినప్పుడు ఓటరుకు జవాబు చెప్పాలి.

ఆ ప్రభుత్వం పదమూడు నెలలు నడిచింది. మద్యనిషేధం వల్ల ఉపాధి పోయిన కల్లుగీత కార్మికులు ఆందోళనకు దిగారు. నిషేధం పనితీరును పరిశీలించిన రామమూర్తి సంఘం దానిని ఎత్తివేయాలని సిఫారసు చేసింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. వ్యవహారం శాసనసభకు ఎక్కింది. 1954 నవంబరు 6న అవిశ్వాస తీర్మానానికి అనుకూలంగా 69, వ్యతిరేకంగా 68 వోట్లు వచ్చాయి. ఒక్క ఓటు తేడాతో ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది.

ఈ ఓటమి వెనుక రాజకీయ కక్షలు లేవని ఎవరూ అనరు. అయినప్పటికీ ఈ రెండు సంఘటనల మధ్య తేడా గుర్తించవలసి ఉంది. 1952లో ప్రభుత్వం నిలబడింది పదవుల సర్దుబాటు వల్ల. ఆ సర్దుబాటు ఎప్పుడు, ఏ గదిలో, ఏ షరతుల మీద జరిగిందో ఓటరు చూడలేదు. 1954లో ప్రభుత్వం పడిపోయింది ఒక సమస్య మీద. మోకు, ముస్తాదు తప్ప వేరే ఆస్తి లేని గీత కార్మికుల గోడు ఒక ప్రభుత్వాన్నే దించగలిగింది. ఎవరు ఎటు ఓటు వేశారో ఊరూరా తెలిసింది. పూర్తి మెజారిటీ ఉన్న సభలో అంత చిన్నవాళ్ల గొంతు అంత పెద్దగా వినబడదు.

ఆ తర్వాత నిర్ణయం తిరిగి ఓటరు దగ్గరికే వచ్చింది. 1955 మధ్యంతర ఎన్నికల్లో 196 స్థానాలకు గాను కాంగ్రెస్, కృషికార్ లోక్, ప్రజా పార్టీల ఐక్య కూటమి 146 గెలిచింది. ముందే కలిసి, ఒక్క మాట మీద నిలబడి ఓటు అడిగారు. ప్రజలు ఇచ్చారు. మూడేళ్ల క్రితం తికమకపడ్డాడని అనిపించుకున్న ఓటరే సూటిగా తీర్పు చెప్పాడు. కమ్యూనిస్టులకు ఓట్లు దండిగానే పడినా సీట్లు 15కు తగ్గిపోయాయి. అది వేరే చర్చ.

చట్టాలు వచ్చాయి, కాని

ఈ అనుభవాల నుంచి దేశం కొంత నేర్చుకోకపోలేదు. 1984 ఆగస్టు 16న ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని గవర్నరు బర్తరఫ్ చేసినప్పుడు, బలం ఎవరికి ఉన్నదో సభలో తేల్చకుండానే శ్రీ నాదెండ్ల భాస్కరరావును గద్దె ఎక్కించారు. ప్రజలు వీధుల్లోకి వచ్చారు. సరిగా నెల తిరిగేసరికి సెప్టెంబరు 16న ఎన్.టి.ఆర్. తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వ బలం తేలవలసింది రాజభవన్‌లో కాదు, సభలో అని స్పష్టం చేసింది. పార్టీలో మూడోవంతు మంది చీలితే చెల్లుతుందన్న వెసులుబాటును 2003లో తొలగించారు.

చట్టం గట్టిపడిన కొద్దీ దానికి కంతలు కూడా పడుతున్నాయి. పొరుగున ఉన్న కర్ణాటకలో 2018లో భారతీయ జనతా పార్టీకి 104 స్థానాలు వచ్చి మెజారిటీకి కొద్దిలో ఆగిపోయింది. గవర్నరు ఆ పార్టీని పిలిచి బలనిరూపణకు 15 రోజుల గడువు ఇచ్చారు. సుప్రీంకోర్టు ఆ గడువును కుదించి వెంటనే సభలో తేల్చమన్నది. బలం లేదని గ్రహించి శ్రీ యడ్యూరప్ప వోటింగుకు ముందే రాజీనామా చేశారు. ఏడాది గడిచాక 2019 జూలైలో పాలకపక్ష సభ్యులు కొందరు వరుసగా రాజీనామాలు చేసి శ్రీ కుమారస్వామి ప్రభుత్వాన్ని 99-105 తేడాతో పడగొట్టారు. ఆ రాజీనామాల వెంట హోటళ్లు, రిసార్టులు, విమాన ప్రయాణాలు నడిచాయి. ఓటరు టీవీలో చూస్తూ కూర్చున్నాడు.

బెంగుళూరు దాకా పోనక్కరలేదు. మన మండలాల్లో చూసినా ఇదే తంతు. మండల పరిషత్ అధ్యక్ష ఎన్నిక దగ్గర పడిందంటే ప్రాదేశిక సభ్యులను క్యాంపులకు తరలించడం రివాజైపోయింది. గెలిపించిన ఊరికి పది రోజుల పాటు తమ సభ్యుడు ఎక్కడున్నాడో తెలియదు. ఇంటివాళ్లకు ఫోనులో గొంతు వినబడితే గొప్ప. వారు తిరిగి వచ్చేసరికి అధ్యక్షుడు తయారై ఉంటాడు. వీధి కుళాయి, శ్మశానపు దారి, బడి పైకప్పు కోసం ఓటు వేసినవారికి ఆ బేరంలో వాటి ప్రస్తావన వచ్చిందో లేదో ఎన్నటికీ తెలియదు.

రాసుకున్న ఒప్పందం

మెజారిటీ లేని సభలో గౌరవంగా నడిచే దారి లేకపోలేదు. కెనడాలో మన తెలుగువారు అనేకులు స్థిరపడిన ఒంటారియో ప్రావిన్సు అనుభవం ఇందుకు ఉదాహరణ. 1985 ఎన్నికల్లో అక్కడి 125 స్థానాల సభలో కన్సర్వేటివ్ పార్టీకి 52, లిబరల్ పార్టీకి 48, న్యూ డెమోక్రటిక్ పార్టీకి 25 వచ్చాయి. పెద్ద పార్టీ అన్న హోదాలో కన్సర్వేటివ్‌లే మొదట ప్రభుత్వాన్ని నడిపారు. జూన్ 18న సభ వారిని ఓడించింది. 42 ఏళ్ల వారి పాలన ముగిసింది.

అప్పటికే తక్కిన రెండు పార్టీలు ఒక ఒప్పందం కాగితం మీద రాసుకుని, సంతకాలు చేసి, ప్రజల ముందు పెట్టాయి. లిబరల్ ప్రభుత్వాన్ని రెండేళ్ల పాటు మూడో పార్టీ పడగొట్టదు. అందుకు బదులుగా ప్రభుత్వం ఫలానా ఫలానా పనులు చేయాలి. మూడో పార్టీ ఒక్క మంత్రి పదవి కూడా తీసుకోలేదు. బీమా ఇచ్చే రుసుము మీద వైద్యులు రోగుల నుంచి అదనంగా వసూలు చేయడం ఆ ప్రభుత్వ హయాంలోనే నిషేధమైంది. ఆడవారి పనికి న్యాయమైన వేతనం కోసం చట్టం వచ్చింది. గడువు తీరాక 1987లో మళ్లీ ఎన్నికలకు వెళ్లారు. లిబరల్ పార్టీకి ఈసారి 130కి 95 స్థానాలు దక్కాయి.

అక్కడి నాయకులు ధర్మరాజులని, ఇక్కడివారు కారని చెప్పడం ఉద్దేశం కాదు. బేరం అక్కడా జరిగింది. కాని పదవుల మీద కాదు, పనుల మీద జరిగింది. చీకట్లో కాదు, కాగితం మీద జరిగింది. పొలం కౌలుకు ఇచ్చేటప్పుడు మన రైతు పెద్దమనుషుల ఎదుట కాగితం రాయించుకుంటాడు. రాష్ట్రాన్ని అయిదేళ్లు కౌలుకు ఇచ్చేటప్పుడు మాత్రం కాగితం అక్కరలేదా?

కోరవలసినవి

ఏ ఎన్నికల్లోనైనా, ఏ పార్టీకైనా మెజారిటీ రానప్పుడు ప్రజలు గట్టిగా కోరవలసినవి మూడున్నాయి. ఒకటి, ఎవరిని ముందు పిలిచినా బలనిరూపణ నెలల తరబడి సాగదీయకుండా రోజుల్లో, సభలో, అందరూ చూస్తుండగా జరగాలి. 1952లో ప్రమాణ స్వీకారానికి, విశ్వాస తీర్మానానికి మధ్య దాదాపు మూడు నెలలు గడిచాయి. బేరాలకు అంత వ్యవధి ఎందుకు? రెండు, మద్దతు ఇచ్చే పార్టీ గాని, ఇండిపెండెంటు గాని ఏ షరతుల మీద ఇస్తున్నదీ రాతపూర్వకంగా ప్రకటించాలి. ఆ షరతుల్లో నియోజకవర్గపు పనులు ఎన్ని, సొంత పదవులు ఎన్ని అన్నది ఓటరు లెక్క చూసుకుంటాడు. మూడు, పక్షం మార్చదలచుకున్న సభ్యుడు ముందు రాజీనామా చేసి, మళ్లీ ఓటు అడిగి గెలిచి, ఆ తర్వాతే పదవి పుచ్చుకోవాలి.

వీటిలో ఏదీ అసాధ్యం కాదు. మొదటిది సుప్రీంకోర్టు చెప్పినదే. రెండవదానికి చట్టం కూడా అక్కరలేదు, మనసు ఉంటే చాలు. మూడవదానికి ఇప్పుడున్న చట్టాన్ని మరికొంత బిగించవలసి ఉంది.

ఓటర్లు కూడా తమ వంతు చేయవలసి ఉంది. గెలిచిన సభ్యుడు ఊరికి వచ్చినప్పుడు దండలతో, డప్పులతో సరిపెట్టకూడదు. ఎవరికి మద్దతు ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు, బదులుగా ఈ ఊరికి ఏమి అడిగారు అన్న మూడు ప్రశ్నలు సభాముఖంగా వేయాలి. జవాబు చెప్పలేని సభ్యుణ్ణి తర్వాతి ఎన్నికల దాకా గుర్తు పెట్టుకోవాలి. ఎవరికీ మెజారిటీ ఇవ్వని ఓటరు తప్పు చేసినట్లు కాదు. ఏ ఒక్కరినీ పూర్తిగా నమ్మలేదని, నలుగురూ కూర్చుని మాట్లాడుకుని పని చేయమని చెప్పాడు. ఆ మాటను పదవుల లెక్కగా మార్చకుండా చూడవలసిన బాధ్యత నాయకులది, మార్చినప్పుడు నిలదీయవలసిన బాధ్యత ఓటర్లది.